ఒకటికి అరవై

గౌరవనీయులైన విద్యాధికారి గారికి,

నమస్కారాలు. ఈ బడికి పంతులమ్మా, గంట కొట్టే మనిషీ అన్నీ నేనే. మా దగ్గర ఒకటికి అరవై మంది సార్! ఒకటికి ముప్పై మించకూడదని మీ నిబంధనే చెబుతోంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎలాగో బిగబట్టుకుని నెట్టుకొస్తున్నాను. దయచేసి ఇంకొకటి మంజూరు చేయండి.

ఇట్లు,
బడి పంతులమ్మ

తా.క.: వివరంగా రాద్దామనుకున్నాను. వెనక బెంచీలో ఎవడో ఎవడి చెవో కొరికాడు.

*

అమ్మా,

మీ ఉత్తరం చదివి కడుపు తరుక్కుపోయింది. నేను నీళ్ళగొట్టాల శాఖ నుంచి ఈ సీటులోకి ఈమధ్యనే వచ్చాను. అందుకే మీ బాధ ఇట్టే అర్థమైంది. ఒకటికి అరవై మందా! ఆ వరస తలుచుకుంటేనే నాకు కాలు నిలవడం లేదు. బిగబట్టడం ఒంటికి మంచిది కాదు. వెంటనే మనిషిని పంపిస్తున్నాను.

మీ శ్రేయోభిలాషి,
విద్యాధికారి

తా.క.: అందాకా పిల్లల్ని నీళ్ళు తక్కువ తాగమనండి.

*

అయ్యా,

మీరు పంపిన మనిషి వచ్చారు. అరవై మందీ లేచి దణ్ణం పెట్టారు. నేను సంతోషం పట్టలేక చేతిలో సుద్దముక్క పెట్టాను. "ఎంత లోతుకి వెళ్ళమంటారమ్మా?" అన్నారు. చిన్నపిల్లలు కదా, మరీ లోతు వద్దు, పైపైన చెప్పండి చాలన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, గునపం తీసుకుని పెరట్లోకి వెళ్ళారు!

మా సమస్య గునపంతో తీరేది కాదు సార్. ఒకటితో వేగలేను. రెండు కావాలి, రెండు!

ఇట్లు,
ఓపిక నశించిన పంతులమ్మ

తా.క.: విడమరిచి రాసేలోపు సిరా ఒలకబోశారు. ఎవరని అడిగితే అరవై వేళ్ళు అరవై వైపులు చూపించాయి.

*

అమ్మా,

ఎంత మొహమాటం మీకు! ఒకటికే కాదు, రెండుకి కూడా అని మొదటే రాస్తే పోయేది కదా. అడగందే అమ్మైనా పెట్టదు. తెల్లటి పలకలు వేయించి రెండు గదులు కట్టిస్తున్నాను. శుక్రవారం రిబ్బను కత్తిరించడానికి నేనే వస్తాను.

మీ శ్రేయోభిలాషి,
విద్యాధికారి

తా.క.: ఒకటి పెద్దవాళ్ళకు. లోపల గడియ కూడా ఉంది.

*

అమ్మా,

శుక్రవారం నేను రిబ్బను కత్తిరించీ కత్తిరించగానే, "ఒక్క నిమిషం పిల్లల్ని చూస్తుండండి సార్" అని మీరు లోపలికి వెళ్ళి గడియ పెట్టుకున్నారు. ఆ తర్వాత ఒకరు దాహమన్నారు, ఒకరు వాంతన్నారు. ఒక పిల్ల ఏడుపు లంకించుకుంది. ఆ పిల్లను నవ్వించడానికి నలుగురు నా కళ్ళజోడు పట్టుకుపోయారు. కూర్చోమంటే లేచారు. మీరు బయటికి వచ్చేసరికి నేను బల్ల మీద నిలబడి ఉన్నాను. ఎప్పుడెక్కానో గుర్తులేదు.

అప్పుడు వెలిగింది తల్లీ, ఒకటికి అంటే ఒక పంతులమ్మకి అని! సోమవారం రెండో పంతులమ్మ వస్తుంది.

సిగ్గుతో,
విద్యాధికారి

తా.క.: కళ్ళజోడు దొరికితే పంపించండి. ఇది గుమాస్తా చేత రాయిస్తున్నాను. మధ్యమధ్యలో నవ్వుతున్నాడు.

*

అయ్యా,

హమ్మయ్య! ఆవిడ వచ్చింది. చెరి ముప్పై మందిని పంచుకున్నాం. మూల బెంచీలో ఎప్పుడూ నోరు మెదపని పిల్ల ఒకతె ఉంది. ఇవాళ మొదటిసారి దాని గొంతు విన్నాను. ఏడో ఎక్కం తప్పు చెప్పింది. అది తప్పని వినే తీరిక దొరికినందుకు నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి సార్. దగ్గర కూర్చోబెట్టుకుని మళ్ళీ చెప్పించాను.

మీ కళ్ళజోడు పంపుతున్నాను. ఒక అద్దమే ఉంది.

కృతజ్ఞతలతో,
పంతులమ్మ

తా.క.: మీరు మొదట అర్థం చేసుకున్నదీ తప్పేం కాదు. అరవై మందినీ వదిలి వెళ్ళలేక ఇన్నాళ్ళూ నిజంగానే బిగబట్టుకున్నాను. ఇప్పుడు ఇద్దరం వంతులు వేసుకున్నాం.

మళ్ళీ తా.క.: కొత్త పంతులమ్మ గుమ్మంలోంచి చిటికెన వేలు చూపిస్తోంది. ఉంటాను సార్. ఆవిడ ఒకటికి, నాకు అరవై!