వరద పేజీలో జవాబిచ్చిన అబ్బాయి

అమ్మకు,

నీ కూతురు నమస్కరించి రాసేది. ఇక్కడ నేనూ, నా పానాలూ, విప్పి పడేసిన వాషింగ్ మెషిన్లూ అంతా క్షేమం. అక్కడ నువ్వూ, పిన్నీ, పిన్ని మోకాళ్ళూ కుదుటపడ్డారని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. ఫోన్లో అయితే మూడో మాటకే ఇద్దరం అరుచుకుని పెట్టేస్తాం, ఉత్తరమే నయం. అడిగినవాటికి చెబుతాను. తింటున్నాను. షాపు ఓనరు ఇంకా అరుస్తున్నాడు, నేనూ అరుస్తున్నాను. నిన్న ఒకాయన మెషిన్ మోయించుకొచ్చి, "మెకానిక్‌ని పిలువమ్మా" అన్నాడు. "పిలిచాను, వచ్చింది, చెప్పండి" అన్నాను. మోటారు తిరిగేదాకా నన్ను నమ్మలేదు, తిరిగాక ఫ్రిజ్ కూడా చూడమన్నాడు. లెక్కల ఆఫీసు మానేసి గ్రీజులో పడ్డానని నువ్వింకా కుమిలిపోతున్నావట, పిన్ని చెప్పింది. వద్దు. వీడియోలు చూసి, చెడగొట్టి, మళ్ళీ బిగించి నేర్చుకున్న పని ఇది. ఎవరూ నాకు దానం చేయలేదు. నాకు బాగుంది.

"వరద రోజు ఒక్క ఫోనైనా చేయలేదేమే" అని రాశావు. చేశాను. నువ్వే కట్ చేశావు. ఆమధ్య పోట్లాటలో "నీకేం తెలుసు" అన్నానని, నా పేరు కనబడితే చాలు కట్ చేస్తున్నావు కదా.

నీకు చెప్పని పని ఇంకొకటి చేస్తున్నాను. జీతం లేదు, ముందే చెబుతున్నా. మేం ఆరుగురం, తలా ఒక ఊళ్ళో ఉంటాం, ఒకరి మొహం ఒకరికి తెలియదు. ఎక్కడైనా వరదో, అగ్నిప్రమాదమో వస్తే అక్కడి ప్రభుత్వ ఆఫీసువాళ్ళు జనాన్ని బయటికి తేవడానికే సరిపోరు. నెట్‌లో వాళ్ళ పేజీలో జనం అడిగేవాటికి మేం కూర్చున్న చోటి నుంచే, ఫోన్లోనే జవాబులు చెబుతాం. పుకార్లను పట్టుకుంటాం. ఒకటే కట్టుబాటు: ఎవరు రాసినా ఇంకొకరు చదివి సరే అన్నాకే పేజీలో పెట్టాలి. రాసినవాళ్ళ పేరు కనబడదు, పేజీ పేరే ఉంటుంది. నా రాతలు చదివేది ఒక కుట్టుమాస్టారు. నా నోటికి ఆయనే కత్తెర.

ఆ మధ్యాహ్నం మీ ఊరి వంతెన కూలిందని ఒక ఫొటో ఊరంతా తిరిగింది. ఏళ్ళ కిందటి ఫొటో, వేరే నది మీదిది. వంతెన పక్క పెట్రోలు బంకులో పనిచేసే ఆమెకు ఫోన్ చేస్తే, అప్పటికప్పుడు వీడియో తీసి పంపింది. వంతెన రాయిలా ఉంది. ఇంతలో పేజీలో ఒకావిడ రాసింది: "వంతెన పోయిందట కదా, ఇక ఎక్కడికి పోతాం, మా చెల్లెలు నడవలేదు, ఇంట్లోనే ఉంటున్నాం." పక్కన నీ బొమ్మ.

ముందు నీకు ఫోన్ చేశాను. కట్. అప్పుడు రాశాను: "బుర్ర పెట్టి ఆలోచించండి. కనబడ్డ ఫొటోనల్లా నమ్మేస్తారా?"

మాస్టారు వెనక్కి పంపారు. "అమ్మాయ్, ఈ బట్ట గరుగ్గా ఉంది. ఆవిడకు గుచ్చుకుంటుంది."

"కదలకపోతే మునిగిపోతారు" అని రాశాను.

"నిజమే. కానీ భయంతో బిగుసుకుపోయిన మనిషిని ఇంకా భయపెడితే మంచం దిగదు."

"మాస్టారూ, ఆవిడ మా అమ్మ. నా ఫోనెత్తదు. వాళ్ళ వీధిలోకి నీళ్ళొచ్చాయి."

ఆయన అడిగారు: "నన్ను రాయమంటావా?"

"వద్దు."

"అయితే ఆవిడ మీ అమ్మ కాదనుకుని రాయి."

ఒళ్ళు మండింది. అయినా రాశాను. "అమ్మా, మీరు అడగడం మంచిదైంది. వంతెన నిలిచే ఉంది, ఇప్పుడే చూశాం. మీ చెల్లెలుగారి కోసం లారీ పంపమని ఆఫీసుకు చెప్పాం. మందులు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి." తర్వాత జరిగింది నీకు తెలుసు. లారీ ఎక్కి, "ఎక్కాం బాబూ, మీరు భోజనం చేశారా?" అని అడిగావు. ఇంకా లేదండీ అంటే, "వేళకు తినాలి నాన్నా" అన్నావు.

నీ ఉత్తరంలో సగం పేజీ పొగిడిన అబ్బాయి నేనే.

చెప్పకూడదనే అనుకున్నాను. కానీ "వాళ్ళమ్మ ఎలా పెంచిందో, వెళ్ళి నేర్చుకోవాలి" అని రాశావు చూడు, అక్కడ ఆగలేకపోయాను. ఎవరింటికి వెళ్తావమ్మా?

నిజం చెప్పనా, వాడంటే నాకు కుళ్ళు. ముక్కూమొహం తెలియని వాడి మాట నమ్మి మంచం దిగావు, నా ఫోను ఎత్తలేదు. అయితే వాడు మాట్లాడినట్టు నేనెప్పుడూ నీతో మాట్లాడలేదు, అదీ ఒప్పుకుంటాను. నువ్వు లారీ ఎక్కావని చదివాక షాపు వెనక్కి వెళ్ళి ఏడ్చాను. ఓనరు చూసి అరవడం మానేసి టీ తెప్పించాడు. ఆ రోజు నుంచి మనసు ఎంత తేలిగ్గా ఉందో చెప్పలేను.

నేను వాడిలా ఎల్లకాలం ఉండలేను. ఆ కాసేపటికే దవడలు నొప్పెట్టాయి. కాబట్టి ఈసారి నీళ్ళొచ్చినా నిప్పొచ్చినా పేజీలో తర్వాత అడుగు, ముందు నా ఫోనెత్తు. తిడతాను. తిట్టి నిజం చెబుతాను.

ఇట్లు,
నీ నోరుగల కూతురు