పట్టేవాడు చెయ్యెత్తలేదట!

మూస్ జా, సోమవారం

అమ్మా, నేను కులాసాయే, ఒళ్లు మండిపోతోందంతే.

నేను ఆరు వారాలు నేర్పిన కొత్త రెఫరీ ఆర్లీన్‌కి శనివారం మొదటి ఆట. కెనడా ఫుట్‌బాల్‌లో తన్నిన బంతిని పట్టేవాడికి అవతలి జట్టు అయిదు గజాల దూరంలో ఉండాలి కదా, మన గ్లెన్ జట్టు పిల్లలు వాడి మీదే పడ్డారు. ఆమె తప్పు పట్టి జెండా విసిరింది. కోచ్‌గారు, అంటే నీ ముద్దుల కొడుకు, "పట్టేవాడు చెయ్యెత్తలేదుగా! కళ్లు ఇంట్లో పెట్టొచ్చావా?" అని అందరి ముందూ అరిచాడు. చెయ్యెత్తితేనే మీద పడకూడదనేది అమెరికా వాళ్ల రూలమ్మా, ఇక్కడిది కాదు! టీవీ చూసి మనకి నేర్పుతున్నాడు. ఆర్లీన్ ఈల నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

నాన్న మోకాలు ఎలా ఉంది? బీట్‌రూట్ పచ్చడి రెండు సీసాలు పంపు. వాణ్ణి వెనకేసుకొస్తూ మళ్లీ ఫోన్ చెయ్యకు. వాడే వెళ్లి, క్షమించమని అడిగి, ఆ ఈల ఆమెకివ్వాలి. లేదంటే ఈ శనివారం వాడి ఆటకి మా రెఫరీలెవరూ రారు. ఎంతసేపు చెయ్యెత్తి నిలబడతాడో నిలబడమను.

నాన్నని అడిగానని చెప్పు.

నీ కూతురు లొరేన్