కూతురి నెత్తిన ఒట్టు

జూలై 7, సోమవారం
నందిగామ. పొద్దుట్నించీ నిలబడి చెప్పీ చెప్పీ గొంతు పోయింది. ప్రొబేషన్ ఆఫీసర్లకి ట్రైనింగ్ — నేరం చేసి, కోర్టు షరతు మీద బయట ఉన్నవాడితో ఎలా మాట్లాడాలి, మారాలన్న మాట వాడి నోటినుంచే ఎలా రప్పించాలి. తిట్టొద్దు, నీతులు చెప్పొద్దు, అడగండి, వినండి అన్నా. వెనక బెంచీలో ఆవలింతలు. "మెత్తగా మాట్లాడితే నెత్తికెక్కుతారు మేడమ్..."

జగ్గయ్యపేట చూసే కరీముల్లా లేచాడు. అతని పద్ధతి వేరట. మనిషిని బిడ్డతో సహా పిలిపించి, ఆ బిడ్డ నెత్తిన చెయ్యి పెట్టించి, ఇక తాగనని ఒట్టు వేయిస్తాడట. అందరూ చప్పట్లు! నాకు ఒళ్లు మండిపోయింది.

జూలై 8, మంగళవారం
ప్రాక్టీసులో తాగుబోతు వేషం నేనే కట్టా. ఆఫీసరుగా ఎవరొచ్చినా రెండో మాటకే క్లాసు పీకడం. ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది.

టీ దగ్గర కరీముల్లాని పట్టుకున్నా. ఒట్టు తప్పితే? అన్నా. "తప్పడు మేడమ్. మా శ్రీనునే చూడండి, కూతురి మీద వేశాడు, చుక్క ముట్టలేదు." చిల్లకల్లులో ఆటో నడుపుతాడట. తాగి ఒకడి తల పగలగొడితే, బుద్ధిగా ఉంటానని కోర్టు బాండు రాయించుకుని వదిలింది. మళ్లీ గొడవ చేస్తే జైలే.

జూలై 10, గురువారం
కరీముల్లా ఫోను. మంగళవారం రాత్రి శ్రీను తాగాడు. తెల్లారేసరికి పిల్లకి జ్వరం. ఒట్టు తప్పాడు, పిల్లకి తగిలిందని పెళ్లాం గుండెలు బాదుకుంటోంది. "నా వల్లేనా మేడమ్?" నీ వల్లే అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. పిల్ల ఏ ఆసుపత్రిలో ఉందని మాత్రం అడిగా.

జూలై 11, శుక్రవారం
జగ్గయ్యపేట ఆసుపత్రి. శ్రీను మెట్ల మీద. తాగిన వాసన కొడుతూనే ఉంది. పక్కన కూర్చున్నా. పిల్లకేమైందని అడిగా. అడగండి, వినండి — నేను నేర్పేదే కదా...

"దోమ వల్ల అంటున్నారండి డాక్టరుగారు. దోమకి మా పిల్లే దొరికిందాండి?"

నువ్వేమనుకుంటున్నావు, అన్నా.

"నన్ను జైల్లో పెట్టించండి మేడమ్. నేను దగ్గర లేకపోతే బతుకుద్దండి."

మారాలని ఇంత గట్టిగా అనుకున్నవాణ్ణి నేను చూడలేదు. ఒట్టు తప్పాక వాడికేమో దారే మూసుకుపోయింది. నా పాఠాల్లో దీనికి మందు లేదు. ఛీ, ఏం పాఠాలు!

జూలై 12, శనివారం
పిల్లకి తగ్గలేదట.

జూలై 13, ఆదివారం
మళ్లీ వెళ్లా. శ్రీను భార్య లక్ష్మి నా చేతులు పట్టేసుకుంది. "వేయించింది మీ ఆఫీసోళ్లే కదండీ. ఆ ఒట్టు మీరే తీసెయ్యండి." జ్వరానికీ ఒట్టుకీ సంబంధం లేదమ్మా అని సర్దిచెప్పబోయా. ఆమె వింటేనా. కాలిపోతున్న ఆ పిల్ల నుదుటిమీద చెయ్యి వేశా. చిన్నప్పుడు ఆటల్లో అనుకునే మాటే — "ఒట్టు తీసి గట్టుమీద పెట్టా." లక్ష్మి కూలబడి ఏడ్చింది. నాకూ ఆగలేదు.

గుమ్మం దగ్గర నిలబడి అంతా చూశాడు శ్రీను. నాతోపాటే మెట్లు దిగాడు. బస్టాండు దాకా వచ్చాడు.

"తీసేశారు, మంచిదేనండి. మరి రేపట్నించి నేను దేన్ని పట్టుకుని మానాలండి?"

నందిగామ బస్సు వచ్చింది. ఎక్కేశా.