పౌడరు డబ్బాలో బెల్టు

మార్చి 3

ఇవాళ నాన్న అటక మీద నుంచి టేపురికార్డరు దించారు. దించారంటే, నన్ను స్టూలెక్కించి కింద నిలబడి సలహాలిచ్చారు. రెండు పెద్ద రీళ్ళు తిరిగే పాతకాలం మిషన్. ఇంత బరువుంటుందని ఒక్క సలహాలోనూ లేదు. నడుం పట్టేసింది.

22న ఆయనకి డెబ్బై ఐదు నిండుతాయి. ఆ రోజు నలుగురినీ పిలిచి తన ఆడిషన్ టేపు వినిపిస్తారట. పాతికేళ్ళ వయసులో రేడియోలో పాడటానికి వెళ్తే తీసుకోలేదు. నా గొంతులో ఏ లోపమూ లేదు, సిఫార్సు లేకపోవడమే లోపం అని యాభై ఏళ్ళుగా చెబుతున్నారు. ఎవరినో బతిమాలి ఆ టేపు కాపీ తెచ్చుకున్నారు గానీ, ఇంతవరకూ ఒక్కసారీ వినలేదు. మొదట్లో మిషన్ లేదు. నాకు పదేళ్ళప్పుడు ఆఫీసు వేలంలో ఇది కొన్నారు. ఇంటికొచ్చిన రోజే మూగబోయింది.

నువ్వు కట్టుడు పళ్ళే చేస్తావు, నీకిదొక లెక్కా అన్నారు. నా ఉద్యోగం మీద ఆయనకింత గౌరవం ఉందని నలభై రెండేళ్ళు వచ్చాక తెలిసింది.

మార్చి 4

అమ్మకి ఇష్టం లేదు. ఆ దుమ్ము నీకు పడదు, షాక్ కొడితే ఎవరు దిక్కు, అయినా పాతవి కెలకడం దేనికే అంది. అమ్మ మూడు కారణాలు చెప్పిందంటే అసలుది నాలుగోది.

మార్చి 6

మూత విప్పాను. ల్యాబ్‌లో మైనం చెక్కే కత్తితో దుమ్ము గీకి, టేపు రాసుకుంటూ వెళ్ళే హెడ్‌ని స్పిరిట్ దూదితో తుడిచాను. టేపుని నొక్కిపట్టే రబ్బరు రోలరు రాయిలా బిగుసుకుపోయింది. ల్యాబ్‌కి తీసుకెళ్ళి, పళ్ళసెట్లు పాలిష్ చేసే మిషన్ మీద పైపొర తీసేశాను. పక్కనే నిలబడ్డ డెంటిస్టు గారు, ఇది ఏ పేషెంటుదండీ అని అడిగారు.

ఒక విచిత్రం. మోటారుకీ పెద్ద చక్రానికీ మధ్య ఉండాల్సిన బెల్టు లేదు. రబ్బరు బెల్టు తెగితే ముక్కలైనా దొరుకుతాయి. కరిగితే తారులా అంటుకుని చస్తుంది. ఇక్కడ అద్దంలా ఉంది. ఎవరో తీశారు.

మార్చి 7

నాన్నని అడిగాను. అప్పట్లో ఇద్దరు మెకానిక్కులు చూసి లాభం లేదన్నారట. వాళ్ళని తెచ్చిందెవరని అడిగితే, మీ అమ్మే, పాపం కాళ్ళరిగేలా తిరిగింది అన్నారు.

పాపం!

మార్చి 11

కొత్త బెల్టు కొరియర్‌లో వచ్చింది. అమ్మ సంతకం పెట్టి తీసుకుని, సాయంత్రం దాకా నాకు చెప్పలేదు.

మార్చి 12, సాయంత్రం 4

తిరుగుతోంది! రెండు రీళ్ళూ తిరుగుతున్నాయి! హాల్లో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టుకున్నాను.

నాన్న ఇంట్లో లేరు. ఫ్లూటాయనని పిలవడానికి వెళ్ళారు. ఈ ఫ్లూటాయన ఆయన చిన్ననాటి స్నేహితుడు. అదే రోజు అదే ఆడిషన్‌కి వెళ్ళి నెగ్గి, ముప్ఫై ఏళ్ళు రేడియోలో వాయించారు. ఆయన తప్పకుండా వినాలి అన్నది నాన్న పట్టుదల.

ముందు నేనే విన్నాను. హార్మోనియం ఒకే స్వరం పట్టుకుని మోగుతోంది. తర్వాత నాన్న. మబ్బు మీద ఆయనే రాసుకున్న పాట, రోజూ బాత్రూంలోంచి వినిపించేదే. ఎక్కడో తేడా కొట్టింది. మిషన్ స్పీడు సరిగ్గా లేదేమో.

మార్చి 13

మోటారుకి నూనె వేశాను. నాన్న మారలేదు.

మార్చి 14

రోలరు మళ్ళీ పాలిష్ చేశాను. ఇప్పుడు ప్రతి అక్షరం స్పష్టంగా వినిపిస్తోంది. అదే బాధ.

మార్చి 15

ఇక ఒప్పుకోక తప్పదు. తప్పు మిషన్‌దైతే హార్మోనియం కూడా ఊగాలి. అది గీత గీసినట్టు నిలబడింది. నాన్నే దానికి కాసేపు పైన, కాసేపు కింద తిరుగుతున్నారు. పాట మొత్తంలో ఒక్కసారి కూడా దాని మీద వాలలేదు. నేనెంత బాగుచేస్తే ఆయన అంత ఘోరంగా పాడుతున్నారు.

నవ్వొచ్చింది. పడీపడీ నవ్వి, ఆ తర్వాత కూర్చుని ఏడ్చాను. యాభై ఏళ్ళు ఈ టేపుని నమ్ముకుని తలెత్తుకు తిరిగిన మనిషి. ఆయన పుట్టినరోజున, ఆయన స్నేహితుల ముందు, నా చేతులతో నేనే పరువు తీయబోతున్నాను.

మార్చి 16

అమ్మని వంటింట్లో నిలదీశాను. నాన్న హాల్లో పేపరు చదువుతున్నారని గుసగుసగా మాట్లాడుకున్నాం. అమ్మ గుసగుస వీధి చివరికి వినిపిస్తుంది, అది వేరే సంగతి.

కాసేపు బుకాయించింది. తర్వాత కుట్టుమిషన్ సొరుగులోంచి పౌడరు డబ్బా తెచ్చి చేతిలో పెట్టింది. లోపల పౌడరులో బెల్టు, చుట్టచుట్టుకుని. మిషన్ ఇంటికి చేరేసరికి నాన్న ఇంకా ఆఫీసులో ఉన్నారట. మా ఆయన పాట నేనే ముందు వింటానని ముచ్చటపడి, తెచ్చినవాడి చేత టేపు పెట్టించుకుందట. విని, వాడిని పంపేసి, బెల్టు పీకేసింది. మెకానిక్కులిద్దరికీ ముందే చెప్పి తెచ్చిందట.

ఇన్నేళ్ళు అబద్ధమాడావా అంటే, నేనొక్క ముక్క అనలేదు, పాడైందని ఆయనే అనుకున్నారు అంది. మరి దీన్ని పారేయలేకపోయావా అంటే, పనికొచ్చే వస్తువుని ఎలా పారేస్తానే అని నన్నే కసిరింది.

మార్చి 17

నాన్న బజారుకి వెళ్ళగానే ఆ పాత బెల్టు వేసి చూశాం. సాగిపోయి ఉంది. నాన్న, హార్మోనియం కలిసి ఉయ్యాల ఊగారు. తప్పెవరిదో ఎంత సంగీతం తెలిసినవాడైనా చెప్పలేడు. మా ఇద్దరి ప్రాణాలూ కుదుటపడ్డాయి.

22 ఉదయం బెల్టు మార్చాలని తీర్మానం. అందాకా కొత్తదే ఉంటుంది. పాతది ఎక్కువ తిప్పితే తెగుతుందని మళ్ళీ డబ్బాలో పెట్టాం.

మార్చి 18

ఏ బటన్ నొక్కితే పాడుతుందమ్మా అని నాన్న అడిగారు. ఊరికే, తెలుసుకుందామనట. పుట్టినరోజు దాకా ముట్టుకోవద్దని గట్టిగా చెప్పాను. బుద్ధిగా తలూపారు. ఆయన బుద్ధిగా తలూపడం నేనెప్పుడూ చూడలేదు.

మార్చి 20

ఉదయం బాత్రూంలో పాట లేదు. నిన్న కూడా లేదంది అమ్మ. గొంతు పట్టేసిందేమోనని వేడినీళ్ళిచ్చింది. అవీ బుద్ధిగా తాగారు.

మార్చి 21

ఇవాళా నీళ్ళ చప్పుడే.

మార్చి 22, ఉదయం 7

నాన్న వాకింగ్‌కి వెళ్ళగానే మూత విప్పాను. పాత బెల్టు అప్పటికే వేసి ఉంది. అమ్మ తొందరపడిందనుకున్నాను. అమ్మేమో, డబ్బా ఖాళీగా ఉంటే నువ్వే వేసేశావనుకున్నానే అంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

కొత్త బెల్టు స్క్రూల పెట్టెలో దొరికింది. కాగితంలో చుట్టి ఉంది. కాగితం మీద నాన్న దస్తూరి, ఆఫీసు ఫైలు మీద రాసినట్టు పొందిగ్గా: కొత్త బెల్టు. బాగా పనిచేస్తుంది. పాటకు పనికిరాదు.

కాగితం నిండా పౌడరు వేలిముద్రలు.

అదే రోజు, రాత్రి 8

పన్నెండు మంది వచ్చారు. టేపు పెట్టాను. అంతా ఊగిపోయింది. ఫ్లూటాయన కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నారు. ఎవరూ నోరు విప్పకముందే నాన్న లేచి, మా అమ్మాయి పాపం శాయశక్తులా కష్టపడింది, ఏం చేస్తాం, మిషన్ ముసలిదైపోయింది అన్నారు.

అందరూ నన్ను ఓదార్చారు. పళ్ళ పని వేరు, ఇది వేరు కదమ్మా అంది ఎదురింటావిడ. ఇరవై ఏళ్ళలో ఒక్క పళ్ళసెట్టు వెనక్కి రానిదాన్ని! ఒళ్ళు మండింది. తల దించుకుని, అవునండీ, నాకే చేతకాలేదు అన్నాను. నాన్న నా వైపు చూడలేదు. కేకులో పెద్ద ముక్క మాత్రం నా ప్లేటులో పడింది.

ఫ్లూటాయన వెళ్తూ వెళ్తూ మెట్ల దగ్గర ఆగి, బెల్టు సాగినట్టుందమ్మా అన్నారు. మార్చకు అన్నారు.

మార్చి 23, ఉదయం 6.30

బాత్రూంలో పాట. అదే మబ్బు, అదే శ్రుతి. తలుపు సరిగ్గా వేసుకోండని అమ్మ వంటింట్లోంచి అరిచింది.

గొంతు ఇంకాస్త పెంచారు.