గంగులయ్యకు అదనపు బాధ్యతలు

పుంగనూరు

మదనపల్లె హెడ్డాఫీసు మేనేజర్ ఝాన్సీ మేడమ్ గారికి, పుంగనూరు పార్సిల్ కౌంటర్ గుమాస్తా గంగులయ్య నమస్కరించి రాయునది.

ఫోన్లో చెబితే లెక్కలోకి రాదని, ఏదైనా కాగితం మీద పెట్టి బస్సులో పంపమని ఓనరు గారన్నారు కాబట్టి రాస్తున్నాను. మూటలు దించే రంగప్ప టమోటా మార్కెట్లో పనికి పోయాడు. ఇప్పుడు బిల్లులు రాసేదీ నేనే, మూటలు దించేదీ నేనే. నడుం పట్టేసింది. ఏదో ఒకటి చేయండి.

ఇట్లు, గంగులయ్య

తా.క.: నిన్న ఒకాయన "ఏమప్పా, గుమాస్తా యాడికి పోయినాడు?" అని నన్నే అడిగాడు. "ఈడనే ఉండాడు, మూట దించి వస్తాడు" అన్నాను.

మదనపల్లె

గంగులయ్య గారికి,

మీ సేవాభావానికి ఓనరు గారు చాలా సంతోషించి, మూటల పని మీకే ఖాయం చేశారు. జీతం మాత్రం పాతదే. నడుముకు బెల్టు పంపుతున్నాము.

ఇట్లు, ఝాన్సీ

తా.క.: బెల్టును వేరే సరుకుతో కలిపి కట్టించాం. మూట బరువుగా ఉంటుంది, దించేటప్పుడు నడుం జాగ్రత్త.

పుంగనూరు

మేడమ్ గారికి నమస్కారం.

నేనడిగింది మనిషిని. మనిషి లేకపోతే జీతమైనా పెంచండి. మా ఆవిడ సుమలత "నువ్వు రాసే పనికి పోతాండావా, మోసే పనికి పోతాండావా?" అని అడుగుతోంది. ఇలాగే ఉంటే కుప్పంలో మా అక్క చౌడమ్మ ఇంటికి పోతాను. అక్కడ నాకు తిండికి కొదవ లేదు.

ఇట్లు, గంగులయ్య

తా.క.: అక్క ఇల్లు బస్టాండు పక్కనే. ఏ రోజైనా పోగలను.

మదనపల్లె

గంగులయ్య గారికి,

కుప్పంలో మీకు బస, భోజనం ఉన్నాయని తెలిసి ఇక్కడ అందరం ఊపిరి పీల్చుకున్నాం. అక్కడి మన కౌంటర్ గుమాస్తా మానేశాడు. ఆదివారాలు ఆ కౌంటరు మీరు చూడండి. మీకెలాగూ సెలవు రోజే.

ఇట్లు, ఝాన్సీ

తా.క.: ఇల్లు బస్టాండు పక్కనే కాబట్టి ఆటో ఖర్చులు ఓనరు గారు కొట్టేశారు.

కుప్పం

మేడమ్ గారికి,

అన్నం వడ్డిస్తూ మా అక్క "నన్ను సూడ్డానికి వచ్చినావనుకుంటిని. కౌంటర్ సూడ్డానికా?" అంది. మా పాప మాధవి పుట్టినరోజు కేకు కోస్తుంటే నేను ఇక్కడ వీడియో కాల్లో చూశాను. అదీ సగమే. పార్సిల్ కోసం ఎవరో వచ్చారు.

నేను రాజీనామా చేస్తున్నాను. అసలు నా ఉత్తరాలు చదివేవాళ్ళు అక్కడ ఉన్నారా?

ఇట్లు, గంగులయ్య

మదనపల్లె

గంగులయ్య గారికి,

లేరు. ఉత్తరాలు చూసే చంద్రశేఖర్ ఎప్పుడో మానేశాడు. ఆ పని కూడా నేనే పైపైన చేస్తున్నాను. ఇకమీదట అది మీకే ఇమ్మన్నారు ఓనరు గారు. సెలవులు, రాజీనామాలు మంజూరు చేసే అధికారం, దాని ముద్ర కూడా మీకే. పెండింగు కట్ట పంపుతున్నాను.

ఇట్లు, ఝాన్సీ

తా.క.: కట్టలో పైనున్న రాజీనామా నాది. ముందు దాని మీద కొట్టండి.

పుంగనూరు

గుమాస్తా గంగులయ్య గారికి, హెడ్డాఫీసు తరఫున గంగులయ్య రాయునది.

మీ ఉత్తరాలన్నీ పూర్తిగా చదివాము. ఇన్నాళ్ళూ ఎవరూ చదవనందుకు చింతిస్తున్నాము. ఝాన్సీ మేడమ్ గారి రాజీనామా నిన్న, మీది ఈరోజు ఆమోదించడమైనది.

ఇట్లు, గంగులయ్య

నకలు: ఓనరు గారికి

తా.క.: ఓనరు గారూ, రేపటి నుంచి మూడు ఊళ్ళూ మీరే చూసుకోవాలి. ముద్ర సొరుగులో పెట్టాను. మీకూ విసుగొస్తే, మీ రాజీనామా మీద మీరే కొట్టుకోవచ్చు.