నీలా, జపాన్ అక్షరాలు వచ్చాయి

నీలా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మలంచా పేటలోని మన ఇంట్లో సంవత్సరీకం భోజనాలయ్యాక సైకిలు మీద మీ కంప్యూటర్ ల్యాబ్‌కు వెళ్లాను.

నీకు జపనీస్ నేర్పి స్వదేశానికి వెళ్లిపోయిన పెద్దావిడ ఇంకా నీకు ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు. ఆవిడకు ఇంగ్లీషు రాదు. నువ్విక లేవన్న సంగతి ఆవిడ భాషలోనే తెలియజేయాలనుకున్నాం. ఆ అక్షరాలు టైపు చేసే సాఫ్ట్‌వేర్ పనిని, నువ్వు సగంలో వదిలిన చోటి నుంచి మీ ల్యాబ్ రమణ అందుకున్నాడు. సోర్స్ కోడ్‌ను కంపైల్ చేసి నడిచే ప్రోగ్రాంగా మార్చబోయిన ప్రతిసారీ ఏదో ఒక ఫైలు లేదని ఆగిపోయేది. అది తెచ్చిపెడితే ఇంకొకటి అడిగేది. నెలల తరబడి మేం మాట్లాడుకున్నదంతా ఆ ఫైళ్ల గురించే.

ఇవాళ ఆగలేదు. రమణ మీటలు నొక్కితే తెర మీద జపాన్ అక్షరాలు వచ్చాయి. అందరూ దాదా అని, అంటే అన్నా అని, పిలిచే పక్క గది బెంగాలీ ఆయన కూడా వచ్చి చప్పట్లు కొట్టాడు.

"ఎక్కీసినాదన్నా! సెప్పు, ఏటి కొట్టమంటావు?" అన్నాడు రమణ.

"నీల పోయినాదని కొట్టు."

"దాన్ని జపాన్‌లో ఏటంటారు?"

"నాకేటి తెలుసురా? ఇన్నాళ్లూ దీంతో కుస్తీ పట్టినోడివి నువ్వు."

"ఎక్కించినాను గానీ, ఆ బాస నాకెక్కడొచ్చు? ఉండన్నా, నీలనడుగుదాం," అంటూ నీ కుర్చీ వైపు తిరిగాడు.

తెలుగు రాని దాదా ఏమైందన్నట్టు "క్యా హువా?" అని అడిగాడు.

ఆవిడ ఈమధ్య రాసిన ఉత్తరం నా దగ్గరే ఉంది. నువ్వు బదులివ్వడం లేదని కోపగించారో, కంగారు పడుతున్నారో, అది కూడా నేను చదవలేను.