ఇరుసుకు వేయమన్న కొక్కెం

మార్గశిర బహుళ తదియ, గురువారం.

తెల్లవారుజామున మంచు, తరువాత ఎండ. అక్కవాళ్లకు ఇవ్వవలసిన బియ్యం బస్తాలు చిన్న బండికి ఎత్తాను. రెండో జత ఎద్దులు రోగానికి పోయాయి కనుక, ఉన్న జతతోనే గూడుబండి వెనుక దాన్ని లాగించాలి. కొక్కెం ఇరుసుకు బిగించమని నిన్న కమ్మరికి చెప్పి పొలం వెళ్లాను. బావ వచ్చి గూడుబండి వెనుక అంచునున్న తోకపట్టెకు వేయించాడట.

"ఇంటి అల్లుడుగారు చెప్తే కాదంటానా అండి?" అన్నాడు కమ్మరి.

పొద్దున చూసి నేనూ కాదనలేకపోయాను.

అక్కనూ బావనూ గూడుబండిలో ఎక్కించుకుని కాలువ గట్టు ఎక్కుతుంటే బస్తాల బరువంతా కొక్కెం మీద పడి గూడుబండి వెనక్కి వాలింది. కాడి పైకి లేచి, మెడ పలుపు ఎడమ ఎద్దు గొంతు బిగించింది. నాలుక బయటకు వచ్చేసింది. కొడవలితో పలుపు కోశాను.

"ఇరుసుకైతే అస్తమానం వంగి తగిలించాలి కదోయ్! ఎద్దు చావలేదుగా, ఏంటి నీ గోల?" అన్నాడు బావ.

"ఆ పలుపు మీ మెడకి కట్టుకుని చూడండి," అంది అక్క.

నా నోట రావలసిన మాట అది. ఒళ్లు ఇంకా మండుతూనే ఉంది. ఇంటికి తిరిగి తోలుకొచ్చినా ఎద్దు మేత ముట్టలేదు. అది కోలుకోకపోతే నూర్పు ఎలా సాగుతుందో...

పొద్దు గుంకే వేళకు బావ ఒక్కడే నడిచి తన ఊరు మొగల్తూరు వెళ్లిపోయాడు. అక్క వెళ్లలేదు.